పదకొండు గంటలు, ఐదు సినిమాలు, ఒక బ్యాలెట్టు

(సినిమా అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, అక్కడక్కడా కాస్త సర్ది రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూచోండి, వచ్చే శనివారం ఎలాగూ పొద్దున్నుంచి రాత్రిదాకా కూచోవాలి కాబట్టి ఇప్పుడే ప్రాక్టీసు అవుతుంది. ఆస్కార్‌కి పోటీపడ్డ ఐదు సినిమాలు ఒకే రోజు వరసగా చూసే ఈ మారథాన్ ఎలా చూడాలి, చూశాక ర్యాంకులు ఎలా ఇవ్వాలి అన్నది చెప్పమని నన్ను పిలిచారు. చూడటం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, తెల్లవారుజామున నాలుగింటికి బెనిఫిట్ షో చూసి అట్నుంచటే ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. కాబట్టి నేను ఎక్కువగా ర్యాంకుల గురించే మాట్లాడతాను. అందులోనూ ఫస్ట్ ర్యాంకు సంగతి వదిలేయండి, అది ఏ సినిమాకో ఇంటర్వెల్‌లో టీ తాగుతూ కూడా చెప్పేస్తాం. రెండు, మూడు, నాలుగు ఏవి అని అడిగితేనే మనకి నోరు పెగలదు. ఆ నోరు పెగలకపోవడం గురించే ఇవాళ్టి నా మాటలు.

ముందు ఒక వార్త. 2025 ఏప్రిల్‌లో ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ ఒక కొత్త నియమం ప్రకటించింది. ఏ విభాగంలో ఓటెయ్యాలన్నా ఆ విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి ఉండాలి, చూడకపోతే ఫైనల్ రౌండులో ఆ విభాగానికి ఓటు లేదు. అదేంటి, ఇన్నాళ్ళూ చూడకుండానే ఓటేసేవాళ్ళా అని మీరు అడగచ్చు. అడగాల్సిందే. అన్నీ చూశాకే ఓటు అన్న నియమం అన్ని విభాగాలకీ పెట్టడం అప్పుడే మొదలు. 1929లో మొదటి ఆస్కార్ ఇచ్చినవాళ్ళకి ఇది తట్టడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. ఈలోగా అమెరికాలో టికెట్టు కొనుక్కుని, పాప్‌కార్న్ డబ్బాతో కూచునే మామూలు ప్రేక్షకులు ఆ పని ఎప్పట్నుంచో చేస్తున్నారు, ఒక్క రోజులో, వరసగా, అన్నీ చూసి.

నేను చెప్పేది ఏఎమ్‌సీ థియేటర్ల వాళ్ళు 2007లో మొదలుపెట్టిన కార్యక్రమం గురించి. ఉత్తమ చిత్రానికి నామినేట్ అయిన సినిమాలన్నీ ఆస్కార్ వేడుకకి ముందు వచ్చే శనివారం ఒకే తెర మీద ఒకదాని తర్వాత ఒకటి వేసేవాళ్ళు. పొద్దున వెళితే మెడలో వేసుకునే పాస్ ఒకటి ఇచ్చేవాళ్ళు, దాంతో రోజంతా లోపలికీ బయటికీ తిరిగేవాళ్ళం. నేను న్యూజెర్సీలో ఉద్యోగం చేసే రోజుల్లో వెళ్ళాను. సినిమా కోసం సినిమాకి వచ్చే జనం అక్కడ కనిపిస్తారు, రిటైరైన దంపతులు, కాలేజీ పిల్లలు, ఒంటరిగా వచ్చి ఇంటికి వెళ్ళేటప్పటికి పదిమంది స్నేహితుల్ని చేసుకునేవాళ్ళు. మొదటి సినిమా అయ్యేసరికి ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మూడోది అయ్యేసరికి ముందు వరసాయన వెనక్కి తిరిగి, మీ లెక్కలో ఇప్పుడు ఏది పైన ఉంది అని అడుగుతాడు. నాకు ఆ ప్రశ్న భలే నచ్చింది. సినిమా బాగుందా అని ఆయన అడగలేదు చూడండి. బాగుంది, బాలేదు అంటే ఒక్క ముక్కతో తప్పించుకోవచ్చు. ఏది పైన అంటే కారణం చెప్పాలి.

అప్పట్లో ఒక సౌకర్యం ఉండేది. 1944 సినిమాల దగ్గర్నుంచి 2008 సినిమాల దాకా ఉత్తమ చిత్రం నామినేషన్లు ప్రతి ఏడూ ఐదే. ఐదు సినిమాలంటే పది పదకొండు గంటలు, మనిషన్నవాడు తట్టుకోగలడు. తర్వాత పదికి పెంచారు. దానికి కారణం బ్యాట్‌మాన్ అని చాలామంది అంటారు. 'ద డార్క్ నైట్' సినిమాకి ఎనిమిది నామినేషన్లు వచ్చాయి, ఉత్తమ చిత్రానికి మాత్రం రాలేదు, జనం మండిపడ్డారు, 2009 జూన్‌లో అకాడమీ వాళ్ళు సంఖ్యని పదికి పెంచుతున్నాం అని ప్రకటించారు. మధ్యలో కొన్నేళ్ళు ఐదు నుంచి పది మధ్యలో ఎన్నైనా ఉండచ్చన్నారు, 2021 సినిమాల నుంచి మళ్ళీ ఖచ్చితంగా పది. అవార్డుకి ఇది మంచిదేమో గానీ మారథాన్ వాళ్ళ నడుం విరిగింది. థియేటర్ల వాళ్ళు దాన్ని రెండు శనివారాలుగా విడగొట్టారు, కొన్ని ఊళ్ళలో ఒకే బిగిన 24 గంటలు చూసే ఏర్పాటు కూడా పెట్టారు.

24 గంటలంటే ఊరికే అనడం లేదు. 2023 మార్చిలో, మన 'నాటు నాటు' పాటకి ఆస్కార్ వచ్చిన ఏడాది, ఉత్తమ చిత్రానికి పోటీపడ్డ పది సినిమాల నిడివులు ఒకసారి కూడి చూశాను. 'అవతార్' రెండో భాగం ఒక్కటే మూడు గంటల పన్నెండు నిమిషాలు. 'ఎల్విస్', 'టార్', 'ద ఫేబుల్‌మన్స్' ఒక్కొక్కటీ రెండున్నర గంటల పైనే. మొత్తం కలిపితే దాదాపు 24 గంటలు. అంటే ఈ రోజు రాత్రి పన్నెండుకి మొదలుపెడితే రేపు రాత్రి పన్నెండుకి అవుతాయి, మధ్యలో భోజనం లేదు, బాత్రూం లేదు, నిద్ర లేదు. అలా చూసి ఏడో సినిమాకీ ఎనిమిదో సినిమాకీ తేడా చెప్పమంటే ఎవడు చెబుతాడు? రెండేళ్ళ తర్వాత 'ద బ్రూటలిస్ట్' అని వచ్చింది, మూడు గంటల ముప్పై ఐదు నిమిషాలు. అందులో పదిహేను నిమిషాలు ఇంటర్వెల్ అని తెర మీదే గడియారం పెట్టి ఇస్తారు. అమెరికా విమర్శకులు ఆ ఇంటర్వెల్ గురించి పేజీలకి పేజీలు రాశారు, ఆహా ఎంత సాహసం అని. మన సింగిల్ స్క్రీన్ క్యాంటీన్ వాళ్ళు ఇది వింటే ఏమనుకుంటారో. (నవ్వులు)

అందుకే మన శనివారానికి పది సినిమాల ఏడాది పెట్టుకోలేదు. ఐదే ఉన్న చివరి ఏడాది తీసుకున్నాం, 2009 ఫిబ్రవరి 22న జరిగిన 81వ ఆస్కార్. 'స్లమ్‌డాగ్ మిలియనీర్', 'ద క్యూరియస్ కేస్ ఆఫ్ బెంజమిన్ బటన్', 'ఫ్రాస్ట్/నిక్సన్', 'మిల్క్', 'ద రీడర్'. ఐదూ కలిపి 660 నిమిషాలు, సరిగ్గా పదకొండు గంటలు. ఎవరు గెలిచారో మీ అందరికీ తెలుసు. ఎనిమిది అవార్డులు, అందులో రెండు రెహమాన్‌వి, ఒకటి పాట రాసిన గుల్జార్‌తో కలిసి, ఇంకా సౌండ్ మిక్సింగ్‌కి రసూల్ పూకుట్టి. ఫలితం తెలిసిన పోటీని మళ్ళీ చూడటం ఎందుకు అని మొన్న ఒకరు అడిగారు. తెలుసు కాబట్టే. ఫలితం తెలియని ఏడాది అయితే సగం బుర్ర ఎవరికి వస్తుందో ఊహించడంలోనే పోతుంది. ఇక్కడ ఆ టెన్షన్ లేదు, మన వరస మనం పెట్టుకోవచ్చు, అకాడమీతో పేచీ కూడా పెట్టుకోవచ్చు.

ఈ ఐదింటినీ విడివిడిగా ఎప్పుడో చూసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు. ఒక్క రోజులో చూస్తే మాత్రం విడివిడిగా చూసినప్పుడు తట్టని సంగతి ఒకటి తడుతుంది. ఐదు సినిమాల్లోనూ ఎవరో ఒకరు ఒకచోట కూచుని జరిగిపోయిన కథ చెబుతుంటారు. 'స్లమ్‌డాగ్'లో పోలీసులు కుర్రాడిని పట్టుకొచ్చి, ఈ జవాబులు నీకెలా తెలుసు అని అడుగుతారు, ఒక్కో ప్రశ్నకీ వాడి చిన్నతనం ఒక్కో ముక్క బయటికొస్తుంది. 'మిల్క్'లో స్వలింగ సంపర్కుల హక్కుల కోసం పోరాడిన నాయకుడు హార్వీ మిల్క్ వంటింటి బల్ల దగ్గర కూచుని, నన్ను ఎవరైనా చంపితేనే ఇది వినిపించండి అని టేపులో రికార్డు చేస్తుంటాడు. 'బెంజమిన్ బటన్'లో న్యూ ఆర్లీన్స్ ఆస్పత్రిలో చావుకి దగ్గరైన తల్లికి కూతురు ఒక డైరీ చదివి వినిపిస్తుంటుంది, బయట కత్రినా తుఫాను వస్తుంటుంది. 'ద రీడర్'లో ఒక నడివయసు లాయరు తన పదిహేనో ఏటి ప్రేమనీ, ఆ తర్వాత కోర్టులో చూసినదాన్నీ తలుచుకుంటుంటాడు. 'ఫ్రాస్ట్/నిక్సన్' సరేసరి, అది అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్‌ని టీవీ వ్యాఖ్యాత డేవిడ్ ఫ్రాస్ట్ చేసిన ఇంటర్వ్యూ గురించిన సినిమానే, దాని మధ్యలో మళ్ళీ పాత్రలు కెమెరా వైపు తిరిగి అప్పుడేం జరిగిందో చెబుతుంటాయి.

అంటే ఆ ఏడాది ఐదింటికీ కథ చెప్పే పద్ధతి దాదాపు ఒకటే. ఎందుకలా కుదిరిందో నేను చెప్పలేను, కాకతాళీయమే అయ్యుండచ్చు. కానీ ర్యాంకులివ్వడానికి మాత్రం ఇది మహా ఉపయోగం. ప్రేమకథనీ రాజకీయ కథనీ పోల్చడం ఎలా అని తల పట్టుకోనక్కర్లేదు. ఐదింటినీ ఒకే ప్రశ్న అడగచ్చు: ఈ గతం చెప్పడం అన్నది ఈ సినిమాకి నిజంగా అవసరమా, లేక కథని తగిలించడానికి దొరికిన కొక్కెమా? 'స్లమ్‌డాగ్'లో అది తీసేస్తే సినిమానే లేదు. 'బెంజమిన్ బటన్'లో ఆ ఆస్పత్రి సీన్లన్నీ తీసేసినా కథకి పెద్ద లోటు రాదని నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్ళు శనివారం రాత్రి నాతో పోట్లాడచ్చు.

ఇప్పుడు వరస సంగతి. ఏ సినిమా ఎప్పుడు వేస్తున్నాం అన్నది చిన్న విషయం అనుకోకండి, సగం ర్యాంకులు అక్కడే తేలిపోతాయి. పొద్దున తొమ్మిదికి 'బెంజమిన్ బటన్'. అది రెండు గంటల నలభై ఆరు నిమిషాలు, అన్నిటికంటే పొడుగు, మెల్లగా నడుస్తుంది, తాజాగా ఉన్నప్పుడే చూసెయ్యాలి. పన్నెండుకి 'మిల్క్'. అది అయ్యేసరికి రెండు దాటుతుంది, అప్పుడు భోజనం. రెండు దాటాకా అని కొందరు మూతి ముడిచారు, మధ్యలో సమోసాలుంటాయి, కంగారు పడకండి. భోజనం తర్వాత మూడింటి దగ్గర కళ్ళు మూతలు పడే సమయం, అక్కడ 'ద రీడర్' వేస్తే పాపం కేట్ విన్‌స్లెట్ ఆస్కార్ తెచ్చుకున్న నటన అంతా మన గురకల్లో కలిసిపోతుంది. కాబట్టి అక్కడ 'స్లమ్‌డాగ్'. ఆ సినిమాలో పిల్లలు పరిగెత్తే పరుగుకి ఎవడికీ నిద్ర రాదు. టీ తాగి ఐదుంపావు లోపల 'ద రీడర్'. చివరికి ఏడున్నరకి 'ఫ్రాస్ట్/నిక్సన్', తొమ్మిదిన్నర దాటగానే బ్యాలెట్టు.

'స్లమ్‌డాగ్'ని చివర్లో వేసి, జై హో పాటతో చప్పట్లు కొట్టి ఇంటికి పోదాం అని మన కమిటీలో ఒకరు అన్నారు. అన్నది సరదాకే గానీ, అలా చేస్తే ఓటింగే అక్కర్లేదు. రైల్వే స్టేషన్లో అందరూ కలిసి డాన్సు చేస్తుండగా సినిమా ముగిస్తే, ఆ ఊపులో చేతిలో బ్యాలెట్టు పెడితే, ఎవరు ఏం రాస్తారో నాకు తెలుసు. చివర చూసింది బలంగా గుర్తుంటుంది, పొద్దున చూసింది పలచబడుతుంది. ఈ అన్యాయాన్ని పూర్తిగా తీసేసే వరస ఏదీ లేదు. కనీసం చివర్లో కాస్త నెమ్మదైన సినిమా, ఇద్దరు మగవాళ్ళు రెండు కుర్చీల్లో ఎదురెదురుగా కూచుని మాట్లాడుకునే సినిమా పెడితే ఊపు తగ్గుతుంది, ఆలోచన మొదలవుతుంది.

ఇంకో సంగతి. 'మిల్క్', 'ఫ్రాస్ట్/నిక్సన్' రెంటినీ కావాలనే దూరంగా పెట్టాం. రెండూ అమెరికా రాజకీయం, రెండూ దాదాపు ఒకే కాలం. నిక్సన్‌తో డేవిడ్ ఫ్రాస్ట్ చేసిన ఇంటర్వ్యూలు టీవీలో వచ్చింది 1977 మేలో, హార్వీ మిల్క్ శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలక మండలికి గెలిచింది అదే ఏడాది నవంబరులో, ఆ మరుసటి ఏడాది నవంబరు 27న ఆయన్నీ మేయర్ జార్జ్ మస్కోనీనీ కాల్చి చంపారు. పక్కపక్కన వేస్తే రెండో సినిమా చూస్తూ మొదటిదాన్నే తలుచుకుంటాం. మధ్యలో ఐదు గంటల పైన దూరం ఉంటే దేని బలం దానికి ఉంటుంది. పదవి పోగొట్టుకున్నవాడు ఒకడు, చచ్చీ చెడీ చిన్న పదవి తెచ్చుకున్నవాడు ఒకడు, ఈ పోలిక రాత్రి బ్యాలెట్టు చేతిలోకి తీసుకున్నాక తడితే చాలు.

ఇక ర్యాంకులు ఎలా వెయ్యాలి. అన్నీ అయ్యాక ఒక్కసారి వేద్దాం అనుకుంటే కుదరదు, అప్పటికి బుర్ర పనిచెయ్యదు. ప్రతి సినిమా అవగానే పది నిమిషాల బ్రేకులో రెండే రెండు వాక్యాలు రాయండి, ఒకటి నచ్చినది, ఒకటి నచ్చనిది. ఫొటోగ్రఫీ బాగుంది, నటన అద్భుతం లాంటివి రాయకండి, రాత్రికి అవి ఏ సినిమా గురించో మీకే తెలియదు. ఒక సీన్ పేరు రాయండి. 'అమితాబ్ ఆటోగ్రాఫ్ కోసం మరుగుదొడ్డి గుంటలో దూకిన పిల్లాడు' అని రాస్తే పది గంటల తర్వాత కూడా సినిమా మొత్తం కళ్ళముందుకొస్తుంది. రాశాక, కొత్తగా చూసిన సినిమాని అప్పటిదాకా ఉన్న వరసలో దూర్చండి. రేషన్ షాపు క్యూలో కొత్తగా వచ్చినాయన్ని ఎవరి ముందు, ఎవరి వెనక నిలబెట్టాలి అన్నట్టు. మూడోది వచ్చినప్పుడు మీరు అడగాల్సినవి రెండే ప్రశ్నలు, ఇది రెండోదాని కంటే పైనా, అయితే మొదటిదాని కంటే కూడా పైనా? అంతే. ఐదింటికీ మార్కులు వెయ్యకండి. మార్కులంటే అందరం ఏడు, ఏడున్నర వేసి గట్టెక్కుతాం.

బ్యాలెట్టు మీద ఐదింటికీ నంబర్లు వెయ్యాలి, ఒకటి నుంచి ఐదు దాకా. ఒక్కటే వేసి మిగతావి వదిలేసినవాళ్ళ కాగితం ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను. అకాడమీ వాళ్ళు 2010 వేడుక నుంచి ఉత్తమ చిత్రానికి ప్రాధాన్యత ఓటు పద్ధతి పెట్టారు. మిగతా విభాగాల్లో మామూలే, ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్ళే, నాటు నాటు కూడా అలాగే గెలిచింది. ఉత్తమ చిత్రానికి మాత్రం అన్నిటికీ నంబర్లు వెయ్యాలి. మొదటి ప్రాధాన్యతల్లో సగం దాటినది ఉంటే అదే గెలుస్తుంది. లేకపోతే అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని ఎలిమినేట్ చేసి, ఆ కాగితాల మీద తర్వాతి నంబరు ఎవరికుంటే వాళ్ళకి కలుపుతారు. ఇలా సగం దాటేదాకా.

ఇది అమెరికావాళ్ళకి ప్రతి ఏడూ కొత్తగా వివరించాల్సి వస్తుంది, పేపర్లలో బొమ్మలు గీసి మరీ. మనకెందుకు? పట్టభద్రుల ఎమ్మెల్సీ కౌంటింగ్ జరుగుతున్నప్పుడు రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కిస్తున్నారు, ఫలానా అభ్యర్థి ఎలిమినేట్ అయ్యాడు అని టీవీలో రోజుల తరబడి స్క్రోలింగ్ వస్తుంటే చూసినవాళ్ళమే కదా. దానికంటే పెద్ద ఉదాహరణ 1969 రాష్ట్రపతి ఎన్నిక. వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి, సి.డి. దేశ్‌ముఖ్. గిరి తెలుగువాడు, సంజీవరెడ్డి తెలుగువాడు, దేశ్‌ముఖ్ మన దుర్గాబాయి గారి భర్త, అంటే మూడోవాడు ఆంధ్రా అల్లుడు. (నవ్వులు) మొదటి ప్రాధాన్యతల్లో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కి 1,12,769. ఎవరికీ సగం లేదు. కిందివాళ్ళని ఒక్కొక్కరినే తీసేసి తర్వాతి ప్రాధాన్యతలు లెక్కపెడితే రెడ్డికి తొంభై వేల పైన కలిశాయి, గిరికి పద్దెనిమిది వేల చిల్లర కలిశాయి. చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. దాదాపు 88 వేల తేడా 15 వేల లోపుకి వచ్చేసింది. అలా రెండో ప్రాధాన్యత దాకా వెళ్ళిన రాష్ట్రపతి ఎన్నిక ఇప్పటిదాకా అదొక్కటే. దేశ్‌ముఖ్‌కి ఓటేసినవాళ్ళు తమ కాగితం మీద 2 అని ఎవరి పక్కన రాశారో చూడండి, దేశమంతా దాని కోసం ఊపిరి బిగబట్టింది.

మన దగ్గర ఇది ఎలా పనిచేస్తుందో ఊహించి ఒక లెక్క చెబుతాను. ఇరవైమంది ఓటేశారనుకుందాం, గెలవాలంటే పదకొండు కావాలి. మొదటి నంబర్లు 'స్లమ్‌డాగ్' 7, 'బెంజమిన్ బటన్' 5, 'మిల్క్' 4, 'ఫ్రాస్ట్/నిక్సన్' 3, 'ద రీడర్' 1. మామూలు లెక్కలో 'స్లమ్‌డాగ్' గెలిచినట్టే, మైకు కట్టేసి ఇంటికి పోవచ్చు. ఇక్కడ అలా కాదు. 'ద రీడర్' పోయింది, ఆ ఒక్క కాగితం మీద రెండో నంబరు 'మిల్క్', దానికి 5. తర్వాత 'ఫ్రాస్ట్/నిక్సన్' పోయింది, ఆ మూడిట్లో రెండు 'మిల్క్'కి, ఒకటి 'బెంజమిన్'కి. ఇప్పుడు 'స్లమ్‌డాగ్' 7, 'మిల్క్' 7, 'బెంజమిన్' 6. 'బెంజమిన్' పోయింది, ఆ ఆరింటిలో నాలుగు 'మిల్క్'కి, రెండు 'స్లమ్‌డాగ్'కి. 'మిల్క్' 11, 'స్లమ్‌డాగ్' 9. నలుగురికే మొదటి నంబరైన సినిమా గెలిచింది, ఎందుకంటే చాలామందికి అది రెండోదీ మూడోదీ. 'స్లమ్‌డాగ్' ఎక్కువమందికి మొదటిది, మిగతావాళ్ళకి మాత్రం నాలుగోదో ఐదోదో.

ఇది న్యాయమా అని అడగచ్చు. అందరికీ కాస్త కాస్త నచ్చిన సినిమా గెలిచి, కొందరికి పిచ్చిగా నచ్చిన సినిమా ఓడిపోతుందని ఈ పద్ధతి మీద విమర్శ ఉంది, అందులో నిజం ఉంది కూడా. 2019లో 'గ్రీన్ బుక్' గెలిచినప్పుడు చాలామంది ఈ పద్ధతినే తిట్టారు. నా మటుకు నాకు ఈ పద్ధతి ఒక్క కారణానికి ఇష్టం. మీ ఫేవరెట్ ఓడిపోయాక కూడా మీ అభిప్రాయానికి విలువ ఉంటుంది, మీరు మిగతావాటిని నిజంగా చూసి ఉంటే. ఇంతకుముందు ఒకటి మాత్రమే రాసి మిగతావి వదిలేసినవాళ్ళ సంగతి చెబుతానన్నాను కదా, వాళ్ళ సినిమా ఎలిమినేట్ అయితే ఆ కాగితం పక్కన పడేస్తారు. అంతటితో సరి.

మనకి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది, అది కూడా దాచుకోకుండా మాట్లాడుకుందాం. 'స్లమ్‌డాగ్' మన దేశం గురించి. న్యూజెర్సీలో ఆ మారథాన్ బ్రేకులో ఒకావిడ నా దగ్గరికొచ్చి, ముంబయి నిజంగా ఇలాగే ఉంటుందా అని అడిగింది. నేను హైదరాబాద్‌వాణ్ణండీ అని తప్పించుకున్నాను. ఆ ప్రశ్న అడిగిన క్షణం నుంచి నేను ఆ సినిమాని సినిమాలా చూడలేదు, నా తరఫు వకీలులా చూశాను. మన పేదరికాన్ని అమ్ముకున్నారు అని కోపం ఉన్నవాళ్ళు దాన్ని ఐదో నంబరు వేస్తారు, మన రెహమాన్‌కి రెండు ఆస్కార్లు తెచ్చింది అని గర్వం ఉన్నవాళ్ళు ఒకటో నంబరు వేస్తారు. రెండూ ఆ సినిమాకి వేసిన ఓట్లు కావు. దానికి నటనలో ఒక్క నామినేషన్ కూడా రాలేదని గుర్తుపెట్టుకోండి, అయినా ఉత్తమ చిత్రం అయింది. అంటే కథ నడక, ఎడిటింగ్, సంగీతం, ఇవే దాని బలం. వాటికి ఓటెయ్యండి, లేదా వాటికి వ్యతిరేకంగా వెయ్యండి.

నా వరస చెప్పమని ఇందాకట్నుంచీ ముందు వరసలో సైగలు చేస్తున్నారు. చెబుతాను, మీరు దాన్ని పట్టించుకోకపోతేనే మంచిది. ఐదు, 'బెంజమిన్ బటన్'. పదమూడు నామినేషన్లు వచ్చాయి దానికి, ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ, గెలిచింది మూడు, మూడూ సాంకేతికమే. ముసలివాడిగా పుట్టి చిన్నవాడవుతున్న మనిషిని తెర మీద నమ్మించారు, అందుకు దండం పెట్టాలి, కానీ ఆ మనిషి తన కథలోనే అతిథిలా ఉంటాడు. నాలుగు, 'ద రీడర్'. విన్‌స్లెట్ లేని సీన్లలో అది చల్లారిపోతుంది. ఇక్కడిదాకా నాకు పెద్ద కష్టం లేదు.

రెండూ మూడూ దగ్గరే నేను ఇరుక్కున్నాను. 'స్లమ్‌డాగ్'లో మొదట్లో, ఆ చిన్నపిల్లలు హిందీలో మాట్లాడే భాగం, ఆ ఐదు సినిమాల్లో దేనికీ తీసిపోదు. పెద్దయ్యాక వాళ్ళు గబగబా ఇంగ్లిష్ మాట్లాడటం మొదలుపెట్టాక, ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు సరిగ్గా సమయానికి ఎదురుపడుతుంటారు, అక్కడ నాకు పట్టు తప్పుతుంది. 'ఫ్రాస్ట్/నిక్సన్' దానికి పూర్తిగా తిరగబడ్డ సినిమా, మొదటి గంట నాటకంలా పొడిపొడిగా ఉంటుంది, స్టేజీ నాటకం నుంచే వచ్చింది కూడా. చివరి ఇరవై నిమిషాల్లో కెమెరా నిక్సన్ వేషం వేసిన ఫ్రాంక్ లాంజెల్లా మొహం మీద ఆగుతుంది, నిక్సన్ ఓడిపోయాడని ఆయన నోటితో చెప్పేలోపే మనకి ఆ మొహంలో తెలిసిపోతుంది. ఐదు నామినేషన్లొచ్చి ఒక్క అవార్డు కూడా రాని సినిమా అది. మంచి ఆరంభం ఉన్న సినిమాని పైన పెట్టాలా, మంచి ముగింపు ఉన్నదాన్ని పైన పెట్టాలా? నేను 'ఫ్రాస్ట్/నిక్సన్'ని రెండులో పెట్టాను, 'స్లమ్‌డాగ్'ని మూడులో. నన్ను అడిగితే ఈ ఒక్క నిర్ణయంలోనే నా సినిమా రుచి అంతా ఉంది. ఒకటో నంబరు 'మిల్క్' అని చెప్పడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు, దాని గురించి చెప్పుకోవడానికీ అంత లేదు, షాన్ పెన్ ఆ పాత్రలో నవ్వే నవ్వు చూస్తే మీకే తెలుస్తుంది.

మరో మాట, శనివారం రాత్రి వేసిన బ్యాలెట్టుతో పాటు వారం తర్వాత ఇంకోటి వేద్దాం. మొదటిది చూడకుండా వెయ్యాలి. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, అలసటకి వేసిన ఓటు ఏదో, సినిమాకి వేసిన ఓటు ఏదో కొంత బయటపడుతుంది. ఒక్కరోజు చూడలేం, మా వల్ల కాదు అనేవాళ్ళకి వచ్చేసారి షార్ట్ ఫిల్ములు పెడదాం. ఆస్కార్‌కి మూడు రకాల షార్టులు, ఒక్కో రకంలో ఐదు, ఏదీ నలభై నిమిషాలు దాటకూడదు. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' గెలిచింది అందులోనే, నాటు నాటు గెలిచిన రాత్రే.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పండమ్మా.

(సభలోంచి ఒకరు: మధ్యలో నిద్రపోతే ఎలా సార్?)

నిద్రపోతే నిద్రపోండి, ఎవరూ లేపరు. పక్కవాళ్ళు కథ చెప్పకూడదు, అదొక్కటే షరతు. కానీ ఆ రాత్రి బ్యాలెట్టు మీకివ్వం, అకాడమీ నియమమే మనకీ. నిద్రపోయిన సినిమాని వారం లోపల ఇంట్లో చూసుకుని వస్తే రెండో బ్యాలెట్టులో వెయ్యచ్చు. పేర్లు రాసుకునేవాళ్ళు కింద టేబుల్ దగ్గర ఉన్నారు, భోజనం లెక్క కోసం వెజ్జా నాన్‌వెజ్జా కూడా అక్కడే చెప్పండి.